సోలోయిస్టు వెనక అరవై మంది

(డాలస్ ఉత్తర శివార్లలో తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట తీరు ఉన్నదున్నట్టే ఉంచాం.)

నమస్కారమండీ అందరికీ. వెనక వరసలకి వినపడుతోందా? సరే.

పాంప్లెట్లు అందరికీ అందినట్టున్నాయి. దాని మీద పెద్ద ఫొటో ఉంది కదా, వయొలిన్ పట్టుకుని నించున్న ఆవిడది, ఆవిడే అక్టోబరులో మా ఆర్కెస్ట్రా చేసే కచేరీకి సోలోయిస్టు, అంటే ముందు నిలబడి ఒంటరిగా వాయించే మనిషి. పేరు, చదువు, ఎక్కడెక్కడ వాయించిందీ అన్నీ కింద అచ్చేశారు కాబట్టి నేను మళ్లీ చదవను. ఆవిడ వెనకాల మసగ్గా కొన్ని తలకాయలు కనిపిస్తున్నాయి చూడండి. కుడివైపు, ఆ మెరుస్తున్న బట్టతల నాది. (నవ్వులు) ఇవాళ నేను మాట్లాడేది ఆ మసక తలకాయల గురించి.

ఎందుకంటారా? పోయిన సీజన్లో మనవాళ్లు బాగానే వచ్చారు. పియానో సోలో అయింది, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఇంటర్వెల్ ఇచ్చారు. ఇంటర్వెల్ తర్వాత నేను తలెత్తి చూస్తే మన వరసలు సగం ఖాళీ. అసలు సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా మొత్తం కలిసి వాయించే పెద్ద రచన, అప్పుడే మొదలవుతోంది! నేనేమీ తప్పు పట్టట్లేదు. మన అలవాటు అది. మనం "ఎవరి కచేరీ?" అని అడుగుతాం. ఏం పాడతారో అక్కడికెళ్లాక తెలుస్తుంది. పక్కవాద్యం వాళ్ల పేర్లు ఆహ్వానపత్రికలో చిన్నక్షరాల్లో ఉంటాయి. ఆర్కెస్ట్రా అనేసరికి ఆ కళ్లతోనే చూస్తాం: ఆవిడ మెయిన్ ఆర్టిస్టు, మిగతా అరవై మందీ పక్కవాద్యం. అలా చూస్తే మీకు దక్కేది సగమే. మిగతా సగం ఎక్కడుంటుందో ఇవాళ చెబుతాను.

ముందు మేమెవరమో చెప్పాలి. మాలో దంతవైద్యులున్నారు, నర్సులున్నారు, స్కూల్లో బ్యాండు నేర్పి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎలాగూ తప్పరు. సోమవారం రాత్రి ఒక చర్చి హాల్లో రిహార్సల్. మాకెవరికీ జీతం లేదు, ఎదురు మేమే సభ్యత్వం డబ్బులు కడతాం. జీతం తీసుకునేది కర్ర పట్టుకుని మమ్మల్ని నడిపించే కండక్టరు గారు ఒక్కరే. బసూన్ అనే పొడుగాటి ఊదే వాద్యం వాయించేవాళ్లు దొరక్కపోతేనో, హార్ప్ కావలసొస్తేనో బయటినుంచి ఒకరిద్దరిని డబ్బిచ్చి పిలుస్తాం. నేను వయోలా వాయిస్తాను. వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. ఆర్కెస్ట్రాల్లో జోకులన్నీ మా మీదే. మన భోజనాల్లో అప్పడం, వడియం ఎట్లాగో మేమూ అట్లాగే, ఉంటాం, ఎవరూ అడగరు.

ఇక్కడున్న తల్లిదండ్రులకి ఒక మాట. ఈ ఊళ్లో పిల్లలు సిక్స్త్ గ్రేడుకి రాగానే బ్యాండా, ఆర్కెస్ట్రానా, కోయరా అని కాగితం ఇంటికొస్తుంది. మనవాళ్లలో చాలామంది ఆర్కెస్ట్రా మీద టిక్కు పెడతారు. వయొలిన్ అద్దెకి తెస్తాం. మొదటి రెండేళ్లు ఆ కీచు భరిస్తాం. రీజియన్ ఆడిషన్లంటాం, రాష్ట్రమంతటి నుంచీ ఎంపికైన పిల్లలు ఫిబ్రవరిలో శాన్ ఆంటోనియో వెళ్లే ఆల్‌స్టేట్ అంటాం, ప్రైవేటు టీచరు దగ్గరికి తిప్పుతాం. కాలేజీ అప్లికేషన్లో ఒక లైను రాయడం అయిపోతుంది. ఆ మర్నాటి నుంచి వయొలిన్ క్లాజెట్లో కోట్ల వెనక ఉంటుంది. ఏడేళ్ల కష్టమండీ! ఈ ఊళ్లో మన ఇళ్లల్లో క్లాజెట్లు వెతికితే రెండు ఆర్కెస్ట్రాలకి సరిపడా వాద్యాలు బయటపడతాయని నా నమ్మకం. మాలాంటి ఆర్కెస్ట్రా ఉన్నది అలాంటివాళ్ల కోసమే. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, వారానికి ఒక్క రాత్రి వాయించుకునే చోటు. పిల్లలు కాలేజీ అయి ఇదే ఊరికొస్తే చెప్పండి, నేను మాట్లాడతాను.

సరే, అక్టోబరు కచేరీ. ఆవిడ వాయించేది మెండెల్సన్ అనే జర్మన్ స్వరకర్త వయొలిన్ కన్‌చెర్టో, అంటే ఒక వయొలిన్‌కీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసింది. దాని శ్రుతి ఇ మైనర్. పాశ్చాత్య వయొలిన్ నేర్చుకున్న ప్రతి పిల్లా ఎప్పటికో ఒకప్పటికి దీని దగ్గరికి రావలసిందే. దీని కథ బావుంటుంది. మెండెల్సన్ 1838 జులైలో తన స్నేహితుడు ఫెర్డినాండ్ డేవిడ్‌కి ఉత్తరం రాశాడు: వచ్చే చలికాలంలో నీకోసం ఒక వయొలిన్ కన్‌చెర్టో రాద్దామనుకుంటున్నా, ఇ మైనర్‌లో ఒకటి బుర్రలో తిరుగుతోంది, దాని మొదలు నన్ను నిమ్మళంగా ఉండనివ్వట్లేదు అని. వచ్చే చలికాలం అన్నాడా, పూర్తయింది 1844 సెప్టెంబరులో. ఆరేళ్లు! మన ప్రాజెక్టుల గడువులే నయం. (నవ్వులు) మొదటిసారి వినిపించింది 1845 మార్చి 13న, లైప్‌జిగ్‌లో. సోలో ఆ డేవిడే. మెండెల్సన్‌కి ఒంట్లో బాగాలేక నీల్స్ గాడె అనే ఆయన కండక్ట్ చేశాడు. ఇంకో రెండున్నరేళ్లకి మెండెల్సన్ పోయాడు, 38 ఏళ్లకే.

ఈ డేవిడ్ ఎవరో తెలిస్తే మీకు నా గోల అర్థమవుతుంది. ఊరూరా తిరిగే స్టారు కాదు ఆయన. లైప్‌జిగ్‌లోని గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాలో కాన్సర్ట్‌మాస్టరు, అంటే మొదటి వయొలిన్లలో మొదటి కుర్చీ. ఆ ఆర్కెస్ట్రాకి కండక్టరు మెండెల్సన్, 1835 నుంచీ. తన ఎదుట కూచునే మనుషుల మధ్య నుంచే ఒకణ్ణి లేపి ముందు నిలబెట్టి రాసిన సంగీతం ఇది. ఆ ఆర్కెస్ట్రా పుట్టుక కూడా రాజుగారి కొలువులో కాదు. 1743లో ఊళ్లో పెద్దమనుషులు, వర్తకులు చందాలేసుకుని, పదహారు మంది వాద్యగాళ్లతో మొదలెట్టారు. తర్వాత 1781లో బట్టల వర్తకుల భవనంలో ఒక హాలు కట్టి అందులోకి మార్చారు. గెవాండ్‌హౌస్ అని పేరు అందుకే. మన ఊళ్లల్లో త్యాగరాజ ఉత్సవాలకి రసీదు పుస్తకం పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరిగే పెద్దమనుషులుంటారు చూడండి, ఆ జాతే.

అసలు విషయానికొస్తా. అంతకుముందు కన్‌చెర్టోలు మామూలుగా ఎలా మొదలవుతాయంటే, ఆర్కెస్ట్రా ముందు చాలాసేపు వాయిస్తుంది. బేతోవెన్ వయొలిన్ కన్‌చెర్టోలో సోలోయిస్టు దాదాపు మూడు నిమిషాలు చేతులు కట్టుకుని నించోవాలి. మెండెల్సన్ అదంతా తీసేశాడు. వయొలిన్లు లోగొంతుకతో ఒక అల కదుపుతాయి, ఒకటిన్నర బార్లు (మన ఆవర్తనాల్లాంటివి), అంతే. ఆవిడ పై తీగ మీద పాట ఎత్తుకుంటుంది. వినేవాళ్లకి హాయి. కూచున్నవాళ్లకి ప్రాణసంకటం. వేడెక్కడానికి టైము లేదు, చేతులు చల్లగా ఉంటాయి, ఆ మొదటి స్వరమే వినీ వినపడనంత మెత్తగా పడాలి. అరవై మందిలో ఒక్కరి కమాను కాస్త బరువుగా ఆనినా ఆవిడ పాట మీద మసి పడుతుంది. పైగా మెత్తగా వాయిస్తే చెయ్యి నెమ్మదిస్తుంది, అది మనిషి లక్షణం. నెమ్మదించామా, ఆవిడ ముందుకెళ్లిపోతుంది.

మన కచేరీలో వయొలిన్ పక్కవాద్యం చెవితో నడుస్తుంది. గాయకుడు రాగం తీస్తుంటే వెనకాలే నీడలా వెళ్తారు, కాగితం ఉండదు. మాకు కాగితం ఉంది, ప్రతి స్వరం రాసే ఉంది. మరి కష్టమేమిటి అంటారు. రాయనిది ఒకటుందండీ, ఆవిడ ఊపిరి. ఒక మలుపు దగ్గర ఒక రాత్రి ఒక రెప్పపాటు ఆగుతుంది, ఇంకో రాత్రి ఆగదు. కండక్టరు ఆవిడ మోచెయ్యి చూస్తాడు, మేం కండక్టరు కర్ర చూస్తాం, చెవి మాత్రం ఆవిడ దగ్గర పెట్టుకుంటాం. ఆవిడ మా దగ్గరికి వచ్చేది కచేరీ వారంలోనే. అంతకుముందు వారాలన్నీ సోలో లేకుండానే సాధన. ఆవిడ భాగం కండక్టరు గారే నోటితో పాడతారు. ఆయన గొంతు గురించి నేనేమీ అనను, మళ్లీ సోమవారం నేను వెళ్లాలి. (నవ్వులు)

ఇంకా దగ్గరగా చూపిస్తా. మాలో ఇద్దరికి కాగితాలు పెట్టుకునే స్టాండు ఒకటి. లోపలివైపు కూచున్నవాళ్లది పేజీ తిప్పే బాధ్యత. అంటే సంగీతం నడుస్తుండగానే సగంమంది కమాను ఆపి, చప్పుడు కాకుండా పేజీ తిప్పి, మళ్లీ అందుకోవాలి. నా పక్కన కూచునే ఆవిడ ఒక నర్సు, డ్యూటీ నుంచి తిన్నగా వస్తుంది. పేజీ మూల ముందే కొంచెం మడిచిపెట్టుకుంటుంది, ఎడమచేత్తో రెండు వేళ్లతో అలా లాగుతుంది, కాగితం కిక్కురుమనదు. నేను తిప్పితే కండక్టరు గారు తలెత్తి చూస్తారు. కమాను పైకా కిందికా అన్నది కూడా ఎవరిష్టం వారిది కాదు. కాన్సర్ట్‌మాస్టరు తేలుస్తుంది, అందరూ పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటారు. రిహార్సల్‌కి వాద్యం మరచిపోతే క్షమిస్తారేమో గానీ పెన్సిలు మరచిపోతే క్షమించరు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు చోటు. రాసుకోండి కావాలంటే. మొదటి మూవ్‌మెంటు, అంటే మొదటి భాగం, సగం దాటాక మేమందరం ఆగిపోతాం. ఆవిడ ఒక్కతే వాయిస్తుంది. దాన్ని కెడెంజా అంటారు. పాత రోజుల్లో అది సోలోయిస్టు సొంత కల్పన, మన మనోధర్మంలాగా, మూవ్‌మెంటు చివర్లో వచ్చేది. మెండెల్సన్ దాన్ని పూర్తిగా తనే రాసి, చివరినుంచి మధ్యకి లాక్కొచ్చాడు. ఎందుకు లాక్కొచ్చాడో దాని ఆఖర్లో తెలుస్తుంది. ఆవిడ కమానుని తీగల మీద ఎగరేస్తూ నాలుగు తీగలూ పలికేలా గబగబా స్వరాలు చల్లడం మొదలెడుతుంది. అవి అలా నడుస్తూనే ఉంటాయి, వాటి కింద ఫ్లూటు, సన్నాయిలాంటి ఓబో, మొదటి వయొలిన్లు నెమ్మదిగా లేచి ఆ మొదటి పాట ఎత్తుకుంటాయి. ఇప్పుడు పాట ఎవరిది? మాది. పక్కవాద్యం ఎవరు? ఆవిడ! అంత పెద్ద సోలోయిస్టు, అందరి కళ్లూ తన మీద ఉండగా, మా దంతవైద్యుడి ఫ్లూటుకి పక్కవాద్యం వాయిస్తుంది. అక్కడ ఆవిడ చేతివేళ్లు చూడకండి, తప్పకుండా అటే లాగుతాయి కళ్లు, లాగనివ్వకండి. ఫ్లూటు వినండి. నిజమైన సోలోయిస్టు ఎవరో తేలేది ఆ చోట. కొందరు తగ్గరు, వాళ్ల చల్లుడే వినపడుతుంది. ఈవిడ తగ్గుతుందనే నా నమ్మకం. ఆవిడ కొన్నేళ్లు ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్లలో కూచుని వచ్చిన మనిషి.

ఆ మూవ్‌మెంటు అయిందనుకుని చప్పట్లు కొట్టబోతారు. బసూన్ ఒక్కటి మాత్రం ఆగదు. ఒకే స్వరం పట్టుకుని నిలబడి ఉంటుంది. అందులోంచే రెండో మూవ్‌మెంటు పుడుతుంది. మధ్యలో చప్పట్లు మెండెల్సన్‌కి గిట్టవు, అందుకే సందు లేకుండా కుట్టేశాడు. అయినా ఎవరైనా కొడితే మేమేం అనుకోం. మనవాళ్లు "ఎప్పుడు కొట్టాలో తెలీదండీ, అందుకే రాం" అంటుంటారు. ఇదొక కారణమా? కండక్టరు చేతులు కిందికి దించాక కొట్టండి. తాళం మాత్రం తొడ మీద గట్టిగా వెయ్యకండి.

వయొలిన్ మనది కాదు, మనకేం తెలుస్తుంది అనుకోకండి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవాళ్ల దగ్గర ఈ వాద్యం నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. దీక్షితులవారేమో వాళ్ల బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం కట్టాడు. మన పిల్లలు పాడే "శక్తిసహిత గణపతిం" ఆ నొట్టుస్వరాల్లోదే. విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని కచేరీ మధ్యలో కూచోబెట్టారు. మెండెల్సనేమో మధ్యలో నించున్న వయొలిన్‌ని కాసేపు పక్కకి జరిపాడు. రెండూ ధైర్యమే.

ఇంటర్వెల్ తర్వాత, అంటే మీరు వెళ్లిపోయే టైముకి, (నవ్వులు) డ్వోర్జాక్ తొమ్మిదో సింఫనీ, "న్యూ వరల్డ్". ఇది మన కథండీ. చెక్ దేశం నుంచి 1892లో న్యూయార్క్‌కి ఉద్యోగానికొచ్చాడు ఆయన, ఒక సంగీత కళాశాలకి డైరెక్టరుగా. హ్యారీ బర్లీ అనే నల్లజాతి విద్యార్థి ఆయనకి తమ వాళ్ల స్పిరిచువల్స్ అనే భక్తిపాటలు పాడి వినిపించేవాడు. 1893 డిసెంబరులో కార్నెగీ హాల్లో ఈ సింఫనీ మొదటిసారి వాయించారు. రెండో మూవ్‌మెంటులో ఓబో జాతిదే అయిన ఇంగ్లిష్ హార్న్ ఒక పాట వాయిస్తుంది, మీరు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. దానికి 1922లో ఆయన శిష్యుడొకాయన మాటలు కట్టాడు, జనం అది పాత స్పిరిచువల్ అనే అనుకున్నారు. వెనక్కి వెళ్దామనుకుంటూ ఇక్కడే ఉండిపోయినవాళ్లం మనం, ఆ పాట దగ్గర నేను స్టాండు మీంచి తలెత్తను.

ఈ సింఫనీలో టూబాకి, అదే ఆ పెద్ద ఇత్తడి బూరకి, మొత్తం 14 స్వరాలు, అవీ ఆ ఒక్క మూవ్‌మెంటులోనే. తాళాలకైతే ఒక్కటంటే ఒక్క దెబ్బ, చివరి మూవ్‌మెంటులో, అదీ గట్టిగా కాదు. మా టూబా ఆయన నలభై మైళ్లు డ్రైవ్ చేసుకుని వస్తాడు ఆ పద్నాలుగింటికీ. డ్వోర్జాక్‌కి ఇలాంటివాళ్ల సంగతి తెలుసు. ఆయన స్వయంగా ప్రాగ్‌లో ఒక థియేటర్ ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి కూచుని వాయించినవాడు. ఏం వాయించేవాడో ఎవరైనా చెబుతారా? (సభలోంచి: "వయోలా!") అదీ!

మిగతా సీజన్ గబగబా చెప్పేస్తా. డిసెంబర్లో పండగ కచేరీ, నట్‌క్రాకర్ సూట్, స్లెయ్ రైడ్. స్లెయ్ రైడ్ రాసిన లీరాయ్ ఆండర్సన్‌కి మంచుబండి ఆలోచన 1946లో మండు వేసవిలో వచ్చిందట, టెక్సస్ వాళ్లకి సులువుగా అర్థమయ్యే విషయం. చివర్లో గుర్రం సకిలింపు ట్రంపెటే. ఫిబ్రవరిలో పిల్లల కోసం ప్రొకోఫియెవ్ "పీటర్ అండ్ ద వుల్ఫ్". కథలో ఒక్కో పాత్రకి ఒక్కో వాద్యం: పిట్ట ఫ్లూటు, బాతు ఓబో, పిల్లి క్లారినెట్, తాతయ్య బసూన్, తోడేలు మూడు హార్న్‌లు. ఒక ఆటకి కథ తెలుగులో చెబుదామా అని కమిటీని అడిగాను, ఆలోచిస్తామన్నారు. మీరో పాతికమంది ఇవాళే టికెట్లు కొంటే ఆ ఆలోచన తొందరగా తెములుతుంది. మేలో బేతోవెన్ ఏడో సింఫనీ. 1813లో వియన్నాలో, యుద్ధంలో గాయపడ్డ సైనికుల సహాయార్థం మొదటిసారి వినిపించారు. దాని రెండో మూవ్‌మెంటు పాట వయోలాలు, చెల్లోలు, డబుల్ బాసులు మొదలెడతాయి. మొదటి వయొలిన్లు అప్పుడు కూచుని వింటాయి. నాకు ఆ కచేరీ ఎందుకిష్టమో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు మాట ఒక్కటి. మెండెల్సన్, డ్వోర్జాక్ కాపీరైట్ దాటిపోయారు, కాగితాలు చవగ్గా దొరుకుతాయి. ఈమధ్యవాళ్లవి వాయించాలంటే అద్దెకి తెచ్చుకోవాలి. హాలు అద్దె, ఇన్సూరెన్సు, వీటికి టికెట్ డబ్బులు సరిపోవు. మీలో చాలామంది కంపెనీలు విరాళానికి సమానంగా ఇంకో విరాళం ఇస్తాయి. ఆ ఫారం నింపడానికి బద్ధకిస్తాం, అంతే. కుర్చీలు సర్దడానికొచ్చినా కొన్ని కంపెనీలు ఆ గంటలకి డబ్బిస్తాయి, అడిగి చూడండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మా అమ్మాయి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. మీ ఆర్కెస్ట్రాలో చేరొచ్చా?)

చేరొచ్చండీ, కాకపోతే తేలిక కాదు. మనం తీగలు స-ప-స-ప అని శ్రుతి చేస్తాం, వీళ్లకి ప్రతి తీగకీ తర్వాతి తీగకీ మధ్య పంచమమే. మనం కింద కూచుని పాదం మీద ఆనిస్తాం, ఇక్కడ గడ్డం కింద. ఇవి రెండూ కొన్నాళ్లకి అలవాటవుతాయి. అసలు కష్టం నొటేషను చూసి అప్పటికప్పుడు వాయించడం. గమకం ఆపుకోవడం ఇంకో కష్టం, పదిమంది ఒకే స్వరం వాయిస్తున్నప్పుడు ఒక్కరు ఊపితే తెలిసిపోతుంది. చెవి మాత్రం ఆ పిల్లకి మా అందరికంటే బావుంటుంది. ఆగస్టులో ఆడిషన్లు, తీసుకురండి.

(ప్రశ్న: చిన్నపిల్లల్ని తీసుకురావచ్చా?)

అక్టోబరుకి ఆరేళ్లు దాటినవాళ్లని తెండి. అంతకన్నా చిన్నవాళ్లయితే కచేరీకి ముందు గురువారం డ్రెస్ రిహార్సల్‌కి రండి, టికెట్ లేదు, ఏడిస్తే బయటికి తీసుకెళ్లి మళ్లీ తీసుకురావచ్చు. కండక్టరు గారు ఆపి, తిట్టి, మళ్లీ మొదలెట్టించడం కూడా చూడొచ్చు.

(ప్రశ్న: ఎక్కడ కూచుంటే బావుంటుంది?)

బాల్కనీ. చవక, పైగా అందరి కమానులూ ఒకేసారి కనిపిస్తాయి. ఫ్లూటు ఎక్కడుందో, టూబా ఆయన ఎప్పుడు నిటారుగా కూచుంటాడో అక్కణ్ణుంచి బాగా తెలుస్తుంది. సోలోయిస్టు మొహమే చూడాలంటే కింద ముందు వరసలు కొనుక్కోవాలి, అవి కాస్త ఎక్కువ.